ఆదివారం వార్డరు

పాత జైలును మ్యూజియంగా మార్చాక మొదటి ఏడాది జనం బాగానే వచ్చారు. తరవాత పలచబడ్డారు. గోడలు, ఊచలు, అద్దాల పెట్టెలో తుప్పు పట్టిన బేడీలు. ఒకసారి చూశాక మళ్ళీ చూడటానికి ఏముంటుంది? టికెట్టు కిటికీలో కూర్చునే బాబాయి, "జైలుకు రండి బాబూ అని జనాన్ని బతిమాలుకునే రోజులొచ్చాయమ్మా, ఏం కాలమో" అని నవ్వేవాడు.

అందుకే అధికారి మేడమ్ ఒక కార్యక్రమం ఆలోచించింది. దాని పేరు "ఒక పూట ఖైదీ". ఆదివారం పొద్దున వచ్చినవాళ్ళకు ముతక చొక్కా, సత్తు పళ్ళెం ఇస్తారు. ఈల వేయగానే తలల లెక్కకు కూర్చోవాలి. దుప్పటి మడత పెట్టే పోటీ ఉంటుంది. చివర్లో కాసేపు గదిలో పెట్టి తాళం వేస్తారు. తాళం తీశాక అందరూ ఫోటోలు దిగుతారు.

దుప్పటి పోటీ గైడు అమ్మాయి ఆలోచన.

ఆమె అక్కడ చేరి ఇంకా ఏడాది కాలేదు. ఉద్యోగం కోసం వచ్చిన రోజు మేడమ్ ఆమెకు బ్యారక్‌లు తిప్పి చూపించింది. ఒక గదిలో ప్రదర్శనకు పెట్టిన దుప్పటి కనిపించగానే, "ఇలా కాదండీ మడత పెట్టేది" అని నోరు జారింది. నేల మీద కూర్చుని, పొడుగ్గా మూడు మడతలు వేసి, అడ్డంగా మళ్ళీ మడిచి, అంచులన్నీ లోపలికి తోసి ఇటుకలా చేసి పెట్టింది. వాళ్ళింట్లో దుప్పట్లన్నీ అలాగే ఉంటాయి. నాన్న మడత పెడతాడు.

"నీకెలా తెలుసమ్మా ఇది?" అంది మేడమ్ కళ్ళు పెద్దవి చేసి.

"మా నాన్న ఇక్కడ వార్డరుగా చేశారండీ."

ముందుగా అనుకుని చెప్పిన అబద్ధం కాదది. నిజం చెప్పబోతే గొంతుకు అడ్డం పడింది, దాని పక్కనుంచి ఇది జారి బయటికొచ్చింది. మేడమ్ ముఖం వెలిగింది. ఉద్యోగం వచ్చేసినట్టేనని ఆ ముఖంలోనే తెలిసిపోయింది. ఇక ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

నాన్న అక్కడ ఖైదీ. మిల్లులో పనిచేస్తూ, గోదాములోంచి రాగి తీగ చుట్టలు బయటికి చేరవేసి అమ్ముకుంటూ దొరికిపోయాడు. ఆమెకప్పుడు నడక కూడా సరిగా రాలేదు. కాస్త పెద్దయ్యాక వీధి పిల్లలు ఆమెను "తీగలదొంగ కూతురా" అని పిలిచేవారు. ఏడిపించడానికే కాదు, ఆటకు పిలవాలన్నా అలాగే పిలిచేవారు. వాళ్ళకది పేరైపోయింది.

ఆ రోజుల్లో ఒక పగలు ఆమెకు బాగా గుర్తు. అమ్మ ఆమెను వెంటబెట్టుకుని నాన్నను చూడటానికి వచ్చింది. గేటు బయట ఎండలో చాలాసేపు నిలబడ్డారు. చివరికి ఒక వార్డరు వచ్చి అమ్మతో ఏదో చెప్పాడు. అమ్మ కూతురి రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది. బస్సెక్కాక మాత్రం, "రానన్నాడట. మనల్ని చూడటం ఇష్టం లేదట" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు.

ఆ తరవాత అమ్మ ఆ గేటు ఛాయలకు పోలేదు. నాన్న విడుదలై వస్తే ఇంట్లోకి రానిచ్చింది గానీ, మాటలు మాత్రం కూతురి నోటిగుండానే నడిచాయి. "మీ నాన్నని అన్నానికి లెమ్మను." "మీ నాన్నకి చొక్కా చిరిగింది, ఇటిమ్మను." ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి అలాగే గడిచింది. అమ్మ మంచం పట్టిన రోజుల్లోనూ మారలేదు. అమ్మ ఆ మాట పట్టుకునే పోయింది. కూతురు ఎప్పుడూ అమ్మ పక్షమే. కట్టుకున్నదాన్నీ కన్నదాన్నీ చూడటానికి ఇష్టపడని మనిషి అని ఆమె మనసులో నాన్న మీద ఒక ముద్ర పడిపోయింది. అన్నం పెట్టేది, మందులు తెచ్చేది. పక్కన కూర్చుని ఊసులాడింది మాత్రం లేదు.

కార్యక్రమం మొదలుపెట్టే వారంలో మేడమ్ ఆమెను గదికి పిలిచింది.

"వార్డరు వేషానికి నాటకాలవాళ్ళని పిలిచి చూశానమ్మా. ఒకాయన మీసం మెలేసి ఒకటే అరుపులు. మన బ్యారక్‌లో పావురాలన్నీ ఎగిరిపోయాయి. వద్దు. మీ నాన్నగారిని తీసుకురా. అసలువాడుండగా వేషగాళ్ళెందుకు?"

"ఆయనకి ఒంట్లో బాగుండదండీ."

"గంటసేపు పనికి ఒంటితో పనేముంది? ఇక్కడ చేసినవాళ్ళకోసం ఊరంతా వెతికించాను. కొందరు పోయారు, మిగతావాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. మీ నాన్నగారొక్కరే దొరికారు." మేడమ్ గొంతు తగ్గించింది. "ఇది నడిస్తే నీ ఉద్యోగం ఖాయం చేయమని పైకి నేనే రాస్తాను."

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి నాన్న వరండాలో కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. అది ఆయన లోపల నేర్చుకున్న పని. వీధిలో ఎవరి కుర్చీ తెగినా ఆయన దగ్గరికే వస్తుంది.

"నాన్నా, నీతో ఒక పని పడింది."

"చెప్పు."

"ఆదివారం మా మ్యూజియంకి రావాలి. వేషం కట్టాలి."

"నాకు వేషమేమిటే?" ఆయన తల ఎత్తలేదు. "ఉన్న మొహంతోనే వేగలేక చస్తున్నా."

"వార్డరు వేషం."

వైరు లాగుతున్న చెయ్యి ఆగింది. "దానికి నేనే ఎందుకు?"

చెప్పక తప్పలేదు. "నువ్వక్కడ వార్డరుగా చేశావని చెప్పాను, చేరేటప్పుడు."

తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన వైరు కొసను పళ్ళతో పట్టి బిగించి ముడేశాడు.

"అవునులే. మరేమని చెప్తావు?"

"అవునులే" అనేది ఆయన ఊతమాట. వాన వచ్చినా అంతే, కూర మాడినా అంతే.

"అక్కడెవరైనా గుర్తుపడితే?" అన్నాడు కాసేపటికి.

"పాతవాళ్ళెవరూ లేరు నాన్నా. కనుక్కున్నాను."

"ఓహో. అన్నీ కనుక్కునే అడుగుతున్నావన్నమాట" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేది.

ఆదివారం ఇద్దరూ బస్సు దిగి నడిచి వచ్చేసరికి టికెట్టు బాబాయి కిటికీలోంచి లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"రండి రండి వార్డరుగారూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! మీ జైలు మీరు చూసుకోండి, ఒక్క ఊచ పోలేదు. పోతే మా పూచీ."

నాన్న నవ్వబోయి ఊరుకున్నాడు. కార్యక్రమం రోజని పెద్ద గేటు బార్లా తీసి, పూల కుండీలు పెట్టారు. నాన్న ఆ దారిన వెళ్ళకుండా గేటు రెక్కలో, ఒకప్పుడు ఖైదీలను పంపే చిన్న తలుపు వైపు నడిచాడు. మనిషి నడుము దాకా వంగితే గానీ పట్టని తలుపు అది. ఆయన అప్పటికే తల వంచేశాడు.

"నాన్నా, ఇటు" అని ఆమె చొక్కా పట్టి లాగింది. బాబాయి చూశాడేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది. ఆయన ఎవరికో చిల్లర ఇస్తున్నాడు.

లోపల నాన్నకు ఖాకీ బట్టలు, టోపీ, ఈల, చిన్న కర్ర ఇచ్చారు. బట్టలు వదులుగా ఉన్నాయి. గదిలో అద్దం ఉన్నా ఆయన దానివైపు పోలేదు. "ఈల వెయ్యి, లెక్క పెట్టు, దుప్పట్లు చూడు. నోటికొచ్చినవేవో రెండు మాటలు అను. చాలు" అంది ఆమె. ఎక్కడ తడబడి నిజం బయటపెడతాడోనని అవే మాటలు మళ్ళీ ఒకసారి చెప్పింది.

జనం బాగానే వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళ గుంపు, రెండు మూడు కుటుంబాలు, మెడలో కెమెరా వేసుకున్న బొద్దుగా ఉన్న మనిషి. ఆయన వెంట జడలేసుకున్న చిన్న కూతురు. అందరూ ముతక చొక్కాలు తొడుక్కుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. "అత్తారింటికి వచ్చాం రోయ్" అని ఎవరో అరిచారు. మేడమ్ పెద్ద మనుషులెవరితోనో కలిసి నీడలో నిలబడింది.

నాన్న ఈల వేశాడు. ఆ చప్పుడుకు ఆయన మోకాళ్ళే కొంచెం వంగాయి. ఆమె తప్ప ఎవరూ గమనించలేదు. ఆ తరవాత ఆయన నిటారుగా అయ్యాడు, మెడ ఒకవైపు వాల్చాడు, కర్రను చంకలో పెట్టాడు. ఆ నిలబడటం నాన్నది కాదు.

"రండి అల్లుళ్ళూ, రండి" అన్నాడు. అరుపు కాదు. మెత్తగా, మర్యాదగా, పెళ్ళివారిని ఆహ్వానిస్తున్నట్టు. "అత్తారింట్లో మొహమాటమెందుకు? జతలుజతలుగా గొంతుక్కూర్చోండి. చేతులు తల మీద. చూపు నేల మీద. అల్లుడుగారు తలెత్తి చూస్తే అత్తగారు సిగ్గుపడిపోదూ?"

జనం గొల్లున నవ్వి కూర్చున్నారు. ఆయన కర్ర కొసతో ఒక్కొక్క తల తాకుతూ నడిచాడు. ఒక కుర్రాడు తల ఎత్తితే కర్ర వాడి మెడ వెనక ఆనించి నెమ్మదిగా కిందికి నొక్కాడు. "పైన ఏముంది అల్లుడుగారూ? మామగారి ఆస్తా?" మళ్ళీ నవ్వులు. ఇంకొకడితో నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, లోపల చూసి, "ఇన్ని పళ్ళు ఎందుకమ్మా నీకు, ఇక్కడి తిండికి?" అన్నాడు. ఆ కుర్రాడి స్నేహితులు చప్పట్లు కొట్టారు.

గైడు అమ్మాయికి మొదట గుండె కుదుటపడింది. నాన్న ఇంత మాటకారి అని ఆమెకు తెలియదు. ఆ తరవాత మెల్లగా ఇంకొకటి తెలియసాగింది. ఇవి ఆయన కల్పించి అంటున్న మాటలు కావు. ఆ వాలిన మెడ, ఆ తియ్యటి గొంతు, ఆ కర్ర ఒకప్పటి వార్డరెవరివో. ఆ కర్ర కింద వంగిన మెడ నాన్నది.

దుప్పట్ల పోటీ మొదలైంది. అందరూ మడతలు పెట్టి వాటి పక్కన నిలబడ్డారు. నాన్న చూసుకుంటూ వచ్చి కెమెరా మనిషి దగ్గర ఆగాడు. ఆయన దుప్పటి అంచు ఒకటి నాలుకలా బయటికి వేలాడుతోంది.

"ఏం అల్లుడుగారూ, అంచు బయటికొచ్చింది. గాలికా, షికారుకా?"

"సారీ సార్!" అని కెమెరా మనిషి నవ్వుతూ అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"పోన్లెండి. ఒక కబురు తెచ్చాను మీకు. మీ ఆవిడ వచ్చింది."

"అయ్యబాబోయ్, ఇక్కడికి కూడానా!" అన్నాడాయన. నవ్వులు మిన్నంటాయి.

"పొద్దుననగా వచ్చింది, గేటు దగ్గరుంది. చేతిలో మూతగిన్నె. పిల్లని కూడా తెచ్చుకుంది. పిల్ల హుషారైందండోయ్, గేటు కింది కమ్మీ ఎక్కి ఊగుతోంది. తుప్పంతా చేతులకి అంటించుకుని, ఆ చేతులు గౌనుకి తుడుచుకుంటోంది. మిమ్మల్ని పిలుద్దామనే వచ్చాను. తీరా చూస్తే మీ దుప్పటి ఇలా ఉంది." ఆయన కర్రతో ఆ అంచును ఎత్తి వదిలాడు. "వెనక్కి వెళ్ళి చెప్పేశాను. మీ ఆయన రానంటున్నాడమ్మా, మీ మొహాలు చూడటం ఆయనకిష్టం లేదట, ఇంక రావద్దన్నాడు, అని. నమ్మేసింది, పిచ్చిది. వెళ్ళిపోయింది. అల్లుడుగారు ఇవాళ కూర్చుని మడతలు నేర్చుకోండి. వచ్చేనెల చూద్దాం."

గైడు అమ్మాయి పక్కనున్న ఊచ పట్టుకుంది. ఆ రోజు గేటు కమ్మీ ఇలా చల్లగా లేదు, ఎండకు కాలింది. చేతులు గౌనుకు తుడుచుకున్నందుకు అమ్మ బస్సులో చిన్నగా కొట్టింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కెమెరా మనిషి కూతురు ముందుకు వచ్చి, "మా నాన్న దగ్గరే ఉన్నాగా నేను! గేటు దగ్గరెక్కడున్నాను?" అని గట్టిగా అడిగింది.

అందరూ పగలబడి నవ్వారు. నాన్న ఆ పిల్లవైపు చూశాడు. వాలిన మెడ నిటారైంది. "అవునులే" అన్నాడు, తన సొంత గొంతుతో. వెంటనే ఈల వేసి, అందరినీ గదుల్లోకి పొమ్మన్నాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మేడమ్ అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది.

జనం వెళ్ళాక మేడమ్ ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. "ఏం చేశారండీ! నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇంక ప్రతి ఆదివారం మీరే. ఈ యూనిఫారంలోనే మీ ఫోటో తీయించి లోపల గోడకు పెట్టిస్తాను. ఈ జైల్లో పనిచేసిన వార్డరు అని, పేరుతో సహా."

నాన్న కప్పు వైపు చూస్తూ, "అమ్మాయి ఎలా అంటే అలా" అన్నాడు.

తల ఊపితే చాలు. నాన్న ఆ గోడ మీద, ఆ రోజు గేటు దగ్గరికొచ్చిన వార్డరు బట్టల్లో, ఆ మనిషి పేరుకు బదులు తన పేరుతో ఉండిపోతాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమే వేలు పెట్టి చూపించాలి.

"ఆయన వార్డరు కాదండీ" అంది.

"ఏమిటీ?"

"ఖైదీగా ఉన్నారు. ఇక్కడే, ఆ వెనక బ్యారక్‌లో. నేనే అబద్ధం చెప్పాను."

మేడమ్ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపం రాలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి నాన్న చేతులు రెండూ పట్టుకుంది.

"అయితే ఇంకా మంచిది కదండీ! వార్డర్లు ఎక్కడైనా దొరుకుతారు. లోపలున్నవాళ్ళు నోరు విప్పడమే అరుదు. మీరు ఖైదీ చొక్కా వేసుకుని, మీ గదిలోనే కూర్చుని, మీ కథ మీరే చెబితే ఏడవనివాళ్ళుండరు." ఆమె వైపు తిరిగి, "ఇంత మంచి సంగతి దాచావేమమ్మా?" అంది. ఎగతాళి కాదు. మనసులో మాటే అంది.

నాన్న చేతులు నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వార్డరైతే వేస్తానమ్మా. అది వేషం. రెండోది నా వల్ల కాదు."

బస్టాపులో వాళ్ళిద్దరే ఉన్నారు. నాన్న తన మామూలు చొక్కాలో మళ్ళీ చిన్నగా కనిపించాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఆ గేటెక్కి ఊగింది నేనే కదా?"

"నువ్వే."

"నీకెలా తెలుసు?"

"ఆ వార్డరే చెప్పాడు, ఇందాక నేను చెప్పినట్టే. అందరి ముందూ." ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. "పిల్ల కమ్మీ ఎక్కిందంటే కాళ్ళు గట్టిపడ్డాయన్నమాట అనుకున్నాను. నేను లోపలికి పోయేటప్పుడు నువ్వింకా గోడ పట్టుకునే నడిచేదానివి."

"అమ్మకి ఒక్కసారి చెప్పుంటే..."

"ఏమని చెప్పను? మీ అమ్మని ఎండలో అంతసేపు నిలబెట్టింది నా దుప్పటి మడత అని చెప్పాలా? పెళ్ళాం వస్తుందని తెలిసి కూడా అంచు సరిగా తొయ్యలేని చేతగానివాణ్ణని చెప్పాలా? దొంగతనం చేశానని ఒప్పుకోవడానికి కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు." చేతిలోని సంచీని ఇంకో చేతికి మార్చుకున్నాడు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా మీ అమ్మకి నాతో మాట్లాడకపోవడం అలవాటైపోయింది."

ఇంట్లో ఇటుకల్లా పేర్చిన దుప్పట్లు ఆమె కళ్ళముందు కదిలాయి. ఆ మడతను తాను పోటీగా పెట్టింది. గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టించింది.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి రావాలి?" అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. నువ్వు రావద్దు."

"బాగా చెయ్యలేదా?"

"బాగా చేశావు. అందుకే వద్దు."

ఆయన తనలో తాను ఏదో తేల్చుకున్నట్టు తల ఊపాడు. "ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది గదా నేనెవరో. నువ్వు అక్కడ పనిచేసుకోవాల్సినదానివి. నేనొచ్చి నీ కళ్ళముందు తిరిగితే నీకు నామోషీ. అవునులే."

"అది కాదు నాన్నా. నాకు నామోషీ నీ గురించి కాదు."

"అవునులే" అన్నాడు. పొరుగింటి పిల్ల మర్యాదకు ఏదో అంటే తల ఊపినట్టు ఊపాడు.

ఇన్నాళ్ళూ ఆమె ఆయన గురించి చెప్పిన మాటలన్నీ ఆయన్ను దాచడానికే చెప్పింది. ఇవాళ ఒక్కటి నిజం చెబితే ఆయన మాత్రం ఎందుకు నమ్మాలి? బస్సొచ్చింది. ఆయన ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆమె వేరే చోట కూర్చుంటుందేమోనన్నట్టు సంచీని పక్క సీట్లో పెట్టాడు. ఆమె ఆ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఎలా మొదలుపెడితే నమ్ముతాడో అని ఆమె దారి పొడుగునా వెతుక్కుంటూనే ఉంది. ఈలోగా వాళ్ళ వీధి వచ్చేసింది.